శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చరిత్రము: ఉద్యోగము గోరు మన సోదరీమణులకై

అంబర్‌పేటనుండి విద్యానగరమునకు పోవు శివం రోడ్డు ప్రక్కన డీ.డీ. కాలనీ యను పేట యొకటి కలదు. ఆటో నడుపువారికి ఆ రెండక్షరములు చెప్పిన చాలును, ఇంటి గుమ్మముకడ దింపుదురు. ఆ యక్షరములు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అను పేరునకు పొడియక్షరములని, ఆ పేటలో కాపురముండు మన సంఘీయులలోనే పెక్కుమంది యెరుగరని, ఈ సంచికకు ప్రకటనలు సేకరించుటకై యిల్లిల్లు తిరిగినపుడు మాకు తెలియవచ్చినది.

మన వార్షిక సంచికలో ఏటేట నొక మహనీయుని చరిత్ర ప్రచురించుట ఆచారము. అట్టివారు సాధారణముగ మన కులమువారే యగుదురు. ఈ సంవత్సరము మేము కులము నడుగక దుర్గాబాయిగారి చరిత్ర నెన్నుకొంటిమి. పెద్దలు కొందరు కారణ మడిగిరి. కారణ మిది. మహాసభ రెండవ దినమున మన విద్యార్థి నిధి నియమములు చర్చకు రానున్నవి. 25 ఏండ్లు దాటినవారికి నిధినుండి సహాయ మీయరాదను నియమము అందొకటి కలదు. అది మగపిల్లలను మనస్సునం దుంచుకొని వ్రాసిన నియమము. చిన్నవయస్సున వివాహమై, ఇద్దరు బిడ్డలు కలిగిన పిమ్మట మరల పుస్తకము పట్టిన స్త్రీ ఆ నియమము వ్రాసినవారి తలంపునకు రాలేదు. అశోక్‌నగర్ వసతిగృహములలో మంచమొకటి అద్దెకు గైకొని, చిక్కడపల్లి గ్రంథాలయమున తెల్లవారగనే చోటు పట్టుకొని, గ్రూపు పరీక్షలకు చదువుకొను వనితలలో అట్టివారును కలరు. వారి దరఖాస్తులు మాకడకు వచ్చినపుడు, వయస్సు మించెనని వ్రాసి మేమే త్రిప్పి పంపితిమి. ఆ కాగితములపై చేవ్రాలు చేసిన చేతితోనే ఈ చరిత్రను వ్రాయుచున్నాము.

దుర్గాబాయిగారు 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆ కాలపు ఆచారము ననుసరించి ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. వయస్సు వచ్చిన పిమ్మట ఆ వివాహబంధమున నిలువ నిష్టములేదని ఆ బాలిక స్పష్టముగ తెలిపెను. అట్లు తెలుపుట ఆనాడు సామాన్య విషయము కాదు. తండ్రియు సోదరుడును ఆమెకు అండగ నిలిచిరి. ఈ యండ మాటను మన చదువరులు మరువకుందురు గాక. స్త్రీ సాహసమును గూర్చి వ్రాయువారు ప్రక్కనున్న తండ్రిని, అన్నదమ్ముని తరచుగ విడిచిపెట్టుదురు. నేటికిని మన యిండ్లలో ఉద్యోగమున స్థిరపడిన స్త్రీ నడిగినచో, తొలిజీతము రాకమునుపు తన పక్షమున మాటాడినవా రెవరో వెంటనే పేరు చెప్పగలదు.

గాంధీమహాత్ముని యుద్యమము వారిని బాల్యముననే ఆకర్షించెను. ఆంగ్లమాధ్యమపు బడిని విడిచి, బాలికలకు హిందీ నేర్పు పాఠశాల నొకదానిని తామే నెలకొల్పిరి. 1923 డిసెంబరున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు వారి వయస్సు 14 సంవత్సరములు. ఖద్దరు ప్రదర్శనశాల వాకిట టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయకుండుట వారికి ఒప్పగించిన పని. జవహర్‌లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేకయే వచ్చిరి. ఆ బాలిక వారిని వాకిటనే నిలిపెను. నిర్వాహకులు కంగారుపడి వచ్చి కోపించిరి. అయినను ఆమె తొలగలేదు. చివరకు టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే నెహ్రూగారు లోనికి పోయిరి. వారు ఆమెను మెచ్చుకొనిరే గాని నొచ్చుకొనలేదు. ఈ కథను మన బడిపుస్తకములలో ధైర్యమునకు దృష్టాంతముగ చెప్పుదురు. మాకు దీనియందు వేరొకటి కానవచ్చుచున్నది. నియమ మేమో ఆ బాలికకు నిస్సందేహముగ తెలియును. ఆ నియమమును తనకు అప్పగించినవా రెవరో తెలియును. కార్యాలయమున క్రొత్తగ చేరిన స్త్రీ తన పని యెంతవరకో, ఎవరికి జవాబుదారియో మొదటి వారముననే వ్రాతమూలకముగ తెలిసికొన్నచో, పై యధికారి గద్దించినపుడు నిలుచుటకు కాలిక్రింద నేల యుండును.

1930లో చెన్నపట్టణమున ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని వారు చెరసాలకు పోయిరి. 1933 వరకు పలుమారులు నిర్బంధింపబడి, వెల్లూరు, మధుర జైళ్లలో నుండిరి. మధురలో ఏకాంతవాస శిక్షయు అనుభవించిరి. జైలులో వారు చూచినది వారి జీవితమునే మలుపు త్రిప్పినది. అచ్చట శిక్ష ననుభవించుచున్న స్త్రీలలో అనేకులకు తా మేల నచ్చటికి వచ్చిరో సరిగ తెలియదు. న్యాయస్థానమున తమ పక్షమున నేమి చెప్పుకొనవలెనో తెలియదు. అక్షరము రాదు, చట్టము తెలియదు. బయటకు వచ్చిన పిమ్మట రాజకీయములను ప్రక్కకుపెట్టి చదువుకొనవలెనని, అందును న్యాయశాస్త్రము చదువవలెనని వారు నిశ్చయించుకొనిరి.

ఇచ్చట నొక్కింత ఆగవలసియున్నది. నేటి మన యుద్యోగినులలో పట్టభద్రులకు కొదువ లేదు. అయినను 2013లో వచ్చిన చట్టము ప్రకారము పదిమందియో అంతకు మించియో పనిచేయు ప్రతి కార్యాలయమున లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించుటకు అంతర్గత కమిటీ యుండవలెనని, దాని యధ్యక్షురాలు స్త్రీయే కావలెనని యెందరు ఎరుగుదురు? సంఘటన జరిగిన మూడు మాసములలోపల వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేయవలెనను నియమ మున్నదని యెందరు ఎరుగుదురు? 1961 నాటి ప్రసూతి చట్టమునకు 2017లో జరిగిన సవరణచే, మొదటి యిద్దరు బిడ్డల విషయమున జీతముతోడి సెలవు 12 వారములనుండి 26 వారములకు పెరిగినదని తెలియక, రాజీనామా కాగిత మిచ్చి వచ్చిన యువతులు మన సంఘమున నున్నారు. వెల్లూరు జైలులోని నిరక్షరాస్యురాలికిని వీరికిని ఈ యొక్క విషయమున భేదము మిక్కిలి తక్కువ.

విడుదలయగునప్పటికి దుర్గాబాయిగారికి 20 ఏండ్లు దాటినవి. బడి విడిచి పదియేండ్లు దాటినది. ఆంగ్లము అంతంతమాత్రము. బడిబల్లపై చిన్నపిల్లలతో కూర్చుండు వయస్సు కాదు. ప్రైవేటుగ చదువుకొన్నవారిని పరీక్షకు అనుమతించు కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను వారికి దారియైనది. ఇట్టి ప్రక్కదారి కథ మన నగరమునకును క్రొత్తది కాదు. నిజాము ప్రభుత్వకాలమున ఉర్దూ రాజభాషగ నుండగా, 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు బాలికలకై పాఠశాల నెలకొల్పి, మెట్రిక్యులేషను పరీక్షకై దానిని పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో అనుబంధింప జేసిరి. నేడు నారాయణగూడలో మాడపాటివారి పేరున నున్న బాలికల పాఠశాల యదియే. హైదరాబాదు బాలిక పూనావైపునకు, కాకినాడ యువతి కాశివైపునకు చూడవలసివచ్చెను. దగ్గరనున్న ద్వారము మూసియుండగా దూరపు ద్వారము కనుగొనుట ఆనాటి స్త్రీవిద్య చరిత్రయందు సగభాగము.

మెట్రిక్యులేషనుతో వారు నిలువలేదు. పై తరగతులలో రాజనీతిశాస్త్రము చదువగోరగా, అది పురుషులకు తగిన విషయమని కాశిలో అభ్యంతరము వచ్చెను. అంతట వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తును ఆశ్రయించిరి. అప్పుడు ఉపాధ్యక్షులుగ నున్న కట్టమంచి రామలింగారెడ్డిగారికి ఆమె చదువుపట్ల వ్యతిరేకత లేదు. కాని స్త్రీలకు వసతిగృహము లేదని యొక చిక్కు చెప్పిరి. వసతి లేనందున విద్యార్థినులు రారు. విద్యార్థినులు లేనందున వసతిగృహము కట్టరు. దుర్గాబాయిగారు పత్రికలో ప్రకటన వేయించి, వసతిలేక చదువు మానుకొన్న యువతులు తమకు వ్రాయవలసినదని కోరిరి. వ్రాసినవారిని కూడగట్టుకొని, తామే వసతి యేర్పాటు చేసికొని, ఇక నడ్డంకి యేమని అడిగిరి. ప్రవేశము దొరకినది. రాజనీతిశాస్త్రమున ఆనర్సు పట్టము పొందిన పిమ్మట చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి, 1942లో న్యాయవాదిగ నమోదైరి.

మేము ఈ వాల్తేరు ఘట్టమును పలుమారులు తలపోసితిమి. అభ్యంతరము చెప్పినవారు దుర్మార్గులు కారు. వారు చెప్పిన కారణమును అబద్ధము కాదు. పనిచేయుచోట స్త్రీకి ఎదురగు అడ్డంకులలో నెక్కువభాగ మిట్టివే. రాత్రివేళ ఇంటికి చేర్చు వాహనము లేదు, బిడ్డ నుంచుటకు చోటు లేదు, స్త్రీలకు ప్రత్యేకముగ మరుగుదొడ్డి లేదు. కనుక ఈ పనికి పురుషునే నియమింతుమని మర్యాదగనే చెప్పుదురు. ఒంటరిగ పోయి న్యాయము కాదని వాదించుటకంటె, అదే యిబ్బంది గల నలుగురిని వెదకి, ఆ లోపమునకు పరిష్కారమును చేతబట్టుకొని పోవుట దుర్గాబాయిగారి పద్ధతి. తాము చదువుకొన్న విషయమును తోడివారికి వెంటనే నేర్పుటయు వారికి అలవాటే. చెన్నపట్టణమున తమ యింటిచుట్టునున్న బాలికలను, స్త్రీలను చేరదీసి ఆ కాశి మెట్రిక్యులేషనుకే చదివింపసాగిరి. 1937లో ఆంధ్ర మహిళాసభ యట్లు పుట్టినది.

న్యాయవాదవృత్తిలో వారు క్రిమినలు కేసులలో పేరుపొందిరి. 1946లో మద్రాసు రాష్ట్రమునుండి రాజ్యాంగసభకు ఎన్నికైరి. ఆ సభలో స్త్రీలు 15 మంది. సభాధ్యక్షుల వరుసపట్టికలో స్థానము పొందిన స్త్రీ వీ రొక్కరే. స్త్రీలకు సంబంధించిన ప్రకరణములు వచ్చినపుడు మాత్రమే లేచి మాటాడవలెనను హద్దు వారు పెట్టుకొనలేదు. న్యాయస్థానముల స్వాతంత్ర్యము, ఉన్నత న్యాయస్థానముల యధికారములు, భాషా సమస్య, అన్నిటిపైన సవరణలు ప్రతిపాదించిరి. రాజ్యసభ సభ్యత్వమునకు కనీస వయస్సు 35 ఏండ్లని ముసాయిదాలో నుండగా 30కి తగ్గింపవలెనని వాదించి నెగ్గినది వీరే. నేటికిని రాజ్యాంగమున ఆ సంఖ్య 30గనే యున్నది. వయస్సు నియమము లనగా దైవము వ్రాసినవి కావని, సభలో నొకరు లేచి అడిగినచో మారునని, మన నిధిసంఘమువారు దీనినుండి గ్రహింపవచ్చును.

1952 సాధారణ ఎన్నికలలో వారు ఓడిపోయిరి. మన సంచికలలో జీవితచరిత్రలు వ్రాయువారు ఓటమిని ఒక్క వాక్యమున దాటిపోవుదురు. మేమును దాటిపోవుచున్నాము, ఏలయన వారే దానిపై కాలము వెచ్చింపలేదు. ఆ సంవత్సరమే ప్రణాళికా సంఘమున సభ్యురాలై సాంఘికసేవా శాఖను చేపట్టిరి. 1953 జనవరి 22న ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారితో, నెహ్రూగారు సాక్షిగ, వారి వివాహము జరిగెను. వారికి 43 ఏండ్లు. దేశ్‌ముఖ్ గారు రిజర్వు బ్యాంకునకు మొదటి భారతీయ గవర్నరుగ నుండినవారు, భార్యావియోగము పొందినవారు. వివాహానంతరము దుర్గాబాయిగారు పని మానలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలైరి. ఈ మాట వ్రాయుచు మన సంచిక చివరి పుటలలోని వధూవరుల ప్రకటనలను చూచితిమి. ఉద్యోగము చేయు వధువు కావలెనని కొందరు, అవసరమైనచో ఉద్యోగము మానుటకు సమ్మతించు వధువు కావలెనని కొందరు వ్రాయించిరి. వరుని విషయమున నట్టి షరతు ఒక్కటియు మాకు కానరాలేదు.

బోర్డు పనిలో వారికి ఎదురైన చిక్కునుండియే మన చర్చకు ముఖ్యమైన విషయము వచ్చుచున్నది. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయమునకై 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. గ్రామములలో శిశుపోషణ కేంద్రములు, ప్రసూతి సహాయము, స్త్రీల చదువు ఏర్పాటు చేయదలచిరి. ధనము కలదు, ప్రణాళిక కలదు. పనిచేయుటకు అర్హతగల స్త్రీలు మాత్రము దొరకరైరి. గ్రామసేవికకు, ఉపాధ్యాయినికి, నర్సుకు, మంత్రసానికి, అందరికిని కొంత బడిచదువు సర్టిఫికెట్టు కావలెను. పట్టణమున చదివిన యువతులు పల్లెకు పోరు. పల్లెలో వితంతువులు, భర్తచే విడువబడినవారు, సంపాదన యవసరమైన ఇల్లాండ్రు వేలకొలది యున్నారు. వారికి సర్టిఫికెట్టు లేదు. ఒకవైపు పని ఖాళీగ నున్నది, మరియొకవైపు పనికై యెదురుచూచు చేతులున్నవి. నడుమ నున్నది నాలుగైదేండ్ల బడిచదువు. 25 ఏండ్ల స్త్రీ ఆరవ తరగతిలో చేరి యేటికొక్క తరగతి చదువుచు పోవునా?

తాము జైలునుండి వచ్చి కాశి పరీక్షకు చదివిన విధమును, మహిళాసభలో చదివించిన విధమును వారికి జ్ఞప్తికి వచ్చియుండవలెను. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రారంభించెను. 18 మొదలు 30 ఏండ్ల వయస్సు గల స్త్రీలను చేర్చుకొని, సుమారు రెండు సంవత్సరములలో మాధ్యమిక పరీక్షకో మెట్రిక్యులేషనుకో సిద్ధపరచి, వెనువెంటనే వృత్తి శిక్షణకు పంపుట దాని యేర్పాటు. ఇంటిపని, బిడ్డల పోషణ, లెక్కడొక్కలు నిర్వహించిన స్త్రీకి బాలికకంటె గ్రహణశక్తి హెచ్చని, కావున కాలము కుదింపవచ్చునని దీని మూలభావము. అదే సంవత్సరము స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘమునకును వారు అధ్యక్షత వహించిరి. 1959లో నివేదిక సమర్పించిరి. బాలబాలికల చదువులనడుమ అంతరమును ప్రత్యేక సమస్యగ నెంచి పూడ్చవలెనని ఆ నివేదిక కోరెను.

ఈ క్రమమున చదివిన స్త్రీలు ఉపాధ్యాయినులై, నర్సులై తమ కాళ్లపై నిలిచిరి. అయినను ఒక లోపము చెప్పక తప్పదు. తాము న్యాయస్థానమున పురుషులతో వాదించి గెలిచినవారు. కాని వారి పథకములు స్త్రీలను పంపిన పనులు చాలవరకు పాఠము చెప్పుట, రోగిని చూచుట, శిశువును పెంచుట మొదలైనవే. ఆనాడు ఖాళీలున్నవి అవియే యని సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానము సగమే మాకు తృప్తినిచ్చుచున్నది. నేడు మన పట్టణమున యువతులు సాఫ్టువేరు కార్యాలయములలో, బ్యాంకులలో, పోలీసు శాఖలో, మెట్రోరైలు నడుపుటలో నున్నారు. మన నిధి సవరింపబడినచో, ఏ చదువునకు సహాయమీయవలెనో మనము నిర్ణయింపక దరఖాస్తు పెట్టిన స్త్రీకే విడిచిపెట్టుట మేలని మా యభిప్రాయము.

తరువాతి కాలమున దంపతులు హైదరాబాదున స్థిరపడిరి. ఆంధ్ర మహిళాసభ పనులు ఇచ్చటను విస్తరించినవి. విద్యానగరమున ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతమున స్త్రీల కళాశాల, వయోజనుల అక్షరాస్యతకై సంస్థ వెలసినవి. ఆ యాసుపత్రి నేడు వారి పేరుననే యున్నది. కుటుంబ తగవులకు ప్రత్యేక న్యాయస్థానములు కావలెనని వారు 1953లో చైనా పర్యటన చేసి వచ్చినప్పటినుండియు చెప్పుచుండిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చెను. దానిని చూచుటకు వారు లేరు. 1975లో పద్మవిభూషణ పురస్కారము నొంది, 1981 మే 9వ తేదీన కాలధర్మము నొందిరి. మరుసటి సంవత్సరమే దేశ్‌ముఖ్ గారును గతించిరి. వారు నెలకొల్పిన కేంద్ర సంక్షేమ బోర్డు 2022లో మూతబడినది.

నిధి నియమములలో వయోపరిమితిని స్త్రీల విషయమున తొలగింపవలెనని, వివాహితయా అవివాహితయా యను ప్రశ్నను దరఖాస్తునుండి తీసివేయవలెనని, చదువు నడుమ బిడ్డ పుట్టినచో ఆ సంవత్సరపు సహాయమును రద్దుచేయక ముందునకు జరుపవలెనని కోరు తీర్మానము రెండవదినము ఉదయసభలో మా పక్షమున ప్రతిపాదింపబడును. వెనుక త్రిప్పి పంపిన దరఖాస్తుల నకళ్లు మాకడ భద్రముగ నున్నవి. వానిని సభలో చూచుటకు తీసికొని వచ్చెదము.